కార్యాలయము లేని కొలువు

మన భాషలో ఉద్యోగమునకు కొలువు అను మంచి మాట యొకటి కలదు. కొలుచుట యనగా సేవించుట. కొలువుండుట యనగా సభలో ఆసీనుడై యుండుట. కొలువుకూటమనగా రాజు, మంత్రులు, పరిజనులు ఒకచోట కూడి యుండెడి మందిరము. ఈ యర్థము లన్నిటియందును ఒక్క సంగతి సామాన్యముగా నున్నది: కొలువు చేయువాడు యజమాని యెదుట ఉండవలెను. తాలూకా కచేరీలోని గుమాస్తా మొదలుకొని మిల్లులోని కార్మికుని వరకు, ఉద్యోగమనగా ఒకానొక వేళకు ఒకానొక చోటికి పోయి, పదిమంది నడుమ కూర్చుండి, వేళ ముగిసిన పిదప ఇంటికి మరలుట యనియే మన పెద్దలు ఎరుగుదురు.

నేడు ఉద్యోగము దొరకిన పిల్లవాడు వీధిగడప దాటకుండుటయు కలదు. మంచిరోజు చూచి తల్లి అతని నుదుట బొట్టు పెట్టును. చేతిలో ఇంత పెరుగు, చక్కెర వేయును. అతడు పెద్దల కాళ్ళకు మ్రొక్కి, వంటయింటినుండి నడిమిగదిలోనికి పోయి తలుపు వేసికొనును. అంతటితో ఉద్యోగప్రవేశము పూర్తియైనది. మధ్యాహ్నము అన్నమునకు లేచి వచ్చిన మనుమనితో నాయనమ్మ, "ఆఫీసుకు ఎప్పుడు వెళ్తావురా?" అనును. "వెళ్ళాను నాయనమ్మా, అందులోనే ఉన్నాను" అని అతని సమాధానము. ఇందులో ఇద్దరి మాటయు నిజమే.

అసలు భవనమే లేక, ప్రతి ఉద్యోగియు తన తన యింటనుండియే పనిచేయునట్టి సంస్థలో క్రొత్తగా చేరినవారి మొదటి దినములను గూర్చి ఈ ప్రసంగములో ముచ్చటింప దలచినాము. కొన్ని సంవత్సరములుగా మేము ఇట్టి కొలువులలోని యువతీయువకులను దగ్గరనుండి చూచుచున్నాము. వారి తలిదండ్రులతోను మాటలాడుచున్నాము. ఇరువురకును చెప్పవలసినది కొంత యున్నది.

మొదట ఈ పద్ధతి పుట్టుక. 1973లో అమెరికాలోని లాస్ ఏంజెలిసు నగరమున, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందు పనిచేయుచుండిన జాక్ నిల్లెస్ అను నతడు "టెలికమ్యూటింగ్" అను పదమును కల్పించెను. మనిషి పనికడకు పోవుటకు బదులు, పనియే తంతి మార్గమున మనిషికడకు రాగూడదా యని యాతని ప్రశ్న. అది చమురు ధరలు మండిపోయిన సంవత్సరము. ఐనను నిల్లెస్ తొలుత పరీక్షించినది ఇంటినుండి చేయు పని కాదు. ఒక బీమా సంస్థ యుద్యోగులు నగరమధ్యమునకు రాక, తమ తమ ఇండ్లకు చేరువగా నున్న చిన్న కార్యాలయములనుండి పనిచేయునట్లు ఏర్పాటయ్యెను. పదిమంది కలిసి కూర్చుండుటను ఆ తొలి ప్రయోగము సయితము విడువలేదన్నమాట.

మన దేశములో ఇతరుల కొరకు టెలిఫోను, కంప్యూటరు సేవలు నడపు సంస్థలకు ఇంటినుండి పని చేయించుటపై చాలకాలము కఠిన నిబంధన లుండెను. 2020 మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌన్ అమలగుటకు కొలది దినముల ముందే ఆ నిబంధనలను సడలించిరి. అదే సంవత్సరము నవంబరు 5వ తేదీన కేంద్ర టెలికాం శాఖ వారు వానిలో పెక్కింటిని తొలగించిరి. అమీరుపేట, మాదాపూరుల హాస్టళ్ళు ఖాళీయయ్యెను. పిల్లలు పెట్టెలతో సహా నరసరావుపేటకు, కరీంనగరుకు, అనకాపల్లికి మరలి వచ్చిరి. ఆ రెండేండ్లలో ఉద్యోగములలో చేరినవారిలో అనేకులు తమ కార్యాలయపు ద్వారమును సయితము చూడక పని నేర్చినారు. పిదప పెద్ద సంస్థలు చాలవరకు తమవారిని తిరిగి పిలిపించినవి. టాటా కన్సల్టెన్సీ వారు 2023 అక్టోబరునుండి వారమునకు ఐదు దినములు రావలెనని నియమించిరి. కాని, మొదటినుండియు భవనమును నమ్ముకొనని సంస్థలు వేరుగా నున్నవి. వర్డ్‌ప్రెస్ సేవలను నడపు ఆటోమాటిక్ అను సంస్థ తన శాన్ ఫ్రాన్సిస్కో కార్యాలయమును, అందులోనికి వచ్చువారు లేరని 2017లో మూసివేసినది. గిట్‌లాబ్ అను మరియొకటి అందరును ఇండ్లనుండియే పనిచేయు సంస్థగా 2021 అక్టోబరులో అమెరికా వాటాల బజారున ప్రవేశించినది. మా ప్రసంగము ఇట్టివానిని, వీనిని చూచి అదే మార్గమున నడచు చిన్న సంస్థలను గూర్చినది.

ఇంట కూర్చుండి పరులకొరకు పనిచేయుట మనకు క్రొత్త యని ఎవరైన నన్నచో మేము ఒప్పుకొనము. మంగళగిరిలో, పోచంపల్లిలో, చీరాల ప్రాంతమున నేతగాని ఇల్లే అతని కర్మాగారము. షావుకారు నూలు ఇచ్చును. నేతగాడు ఇంటిలోని గుంటమగ్గముపై నేసి, గుడ్డ అప్పగించి, మజూరీ తీసికొనును. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో వేలకొలది స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని తునికాకు చుట్టి బీడీలు చేయుచున్నారు. ఇవన్నియు ఇంటినుండి చేయు కొలువులే.

అయితే, ఆ యిండ్లలో పని నేర్చుట యెట్లు జరుగునో గమనింపుడు. నేతగాని బిడ్డకు ఎవరును కూర్చుండబెట్టి పాఠము చెప్పరు. ఆ బిడ్డ తల్లి ప్రక్కన చేరి కండెలు చుట్టును. పడుగు సవరించునప్పుడు ఒక కొస పట్టుకొనును. తండ్రి కాలు గుంటలోని తొక్కుడుకఱ్ఱపై పడుటయు, నాడె అటునిటు పరుగెత్తుటయు చూచును. నిద్రలో కూడ ఆ చప్పుడు వినును. పోగు తెగి మగ్గము ఆగినచో, ఏమి జరిగినదో కన్ను తెరవకయే తెలిసికొనును. పని ఇంటినిండ పరచుకొని యుండును గనుక, నేర్చువానికి అది కంటికిని, చెవికిని తనంతట వచ్చి తగులును.

నేటి దూరపు కొలువులో ఇల్లున్నది, పని యున్నది, షావుకారున్నాడు. మగ్గపు చప్పుడు లేదు. క్రొత్తగా చేరినవాని యెదుట ఒక తెర, దానిపై కొన్ని పేర్లు, పేరుపేరునకును ప్రక్కన ఒక ఆకుపచ్చని చుక్క. ఆ చుక్క వెనుక మనిషి నవ్వుచున్నాడో, విసుగుకొనుచున్నాడో, భోజనమునకు లేచినాడో తెలియదు. మామూలు కార్యాలయములో క్రొత్తవాడు మొదటి వారమున ఎవరును చెప్పకయే ఎన్నియో సంగతులు గ్రహించును. పెద్ద మేనేజరు ఉదయము కంటె సాయంకాలమున మెత్తగా మాటలాడును. లెక్కల చిక్కు వచ్చినచో మూలనున్న ఫలానావారు విప్పుదురు. కొనుగోలుదారు కోపముతో టెలిఫోను చేసినచో అనుభవజ్ఞుడు ముందుగా ఎంతసేపు మౌనముగా వినును? ఇవి ఏ కాగితముమీదను ఉండవు. టీ కొట్టు దగ్గర నిలుచుండినప్పుడు, ప్రక్కబల్లపై మాటలు చెవిని బడినప్పుడు, పని మానుకొని ఊరక చూచునప్పుడు అబ్బునట్టివి. దూరపు కొలువులో ఇందులో ప్రతి యొక్కటియు ఎవరైన నొకరు చెప్పవలెను, లేదా క్రొత్తవాడు అడుగవలెను. మూడవ మార్గము లేదు.

ఇందును గూర్చి పండితులు చేసిన పరీక్షలు కొన్ని యున్నవి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన నికొలస్ బ్లూమ్ అను అర్థశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును చైనాలో సీట్రిప్ అను ప్రయాణముల సంస్థయందు 2010 డిసెంబరునుండి తొమ్మిదినెలలపాటు ఒక ప్రయోగము నడిపిరి. ఇంటినుండి పనిచేసినవారి పని నూటికి 13 వంతులు హెచ్చినదనియు, ఉద్యోగము మానివేయువారి సంఖ్య సగమునకు తగ్గినదనియు తేలెను. 2015లో ప్రకటితమైన ఈ ఫలితమును ఇంటిపనిని సమర్థించువారు తరచుగ ఉదాహరింతురు. కాని వారు చెప్పని రెండు సంగతులు కలవు. ఆ ప్రయోగములో చేరుటకు ఆ సంస్థలో కనీసము ఆరునెలలు పనిచేసి యుండవలెనను నియమ ముండెను. ఇంటిలో ప్రత్యేకముగా ఒక గది యుండవలెనని మరియొక నియమము. అనగా క్రొత్తవారు ఆ లెక్కలో లేనేలేరు. అదిగాక, వారమున కొక దినము అందరును కార్యాలయమునకే వచ్చుచుండిరి.

క్రొత్తవారి స్థితిని చూపునది వేరొక పరిశీలన. ఎమాన్యుయెల్, హారింగ్టన్, పాలెస్ అను ముగ్గురు అర్థశాస్త్రజ్ఞులు ఒక పెద్ద అమెరికన్ సంస్థలోని సాఫ్ట్‌వేరు ఇంజనీర్లను పరిశీలించి, తోటివారికి చేరువగా కూర్చున్నవారికి తమ పనిపై సలహాలు, దిద్దుబాట్లు ఎక్కువగా లభించుచున్నవని 2023లో తెలిపిరి. ఆ లాభము పిన్నవయస్కులకును, స్త్రీలకును అధికము. దానికి మూల్యము చెల్లించునది అనుభవజ్ఞులు. నేర్పుటలో వారి సొంత పని కొంత కుంటుపడును. సీనియరునకు ఇంటిగది హాయిగా నుండి, జూనియరునకు అదే గది బావివలె నుండుటకు కారణ మిందులో దొరకుచున్నది.

బావి యనుట అతిశయోక్తి కాదు. గుంటూరు ప్రాంతపు పల్లెలోని యొక యువతి సంగతి మా యెరుకలోనిది. తండ్రి మిరపతోట కౌలుకు చేయువాడు. ఆమె ఇంజనీరింగు ముగించి, 2021లో ఒక సంస్థలో చేరెను. ఆ సంస్థ పేరుతో మనకు పనిలేదు. లాప్‌టాప్ కొరియరులో వచ్చెను. ఇంటిల్లిపాదియు దానికి కుంకుమబొట్టు పెట్టిరి. మొదటిదినమున వీడియోలో ఇరువదిమంది ఆమెకు స్వాగతము చెప్పిరి. అంతే. తెర ఖాళీయయ్యెను. ఆమె పని చేయుటకు ఒక కంప్యూటరు వ్యవస్థలోనికి అనుమతి కావలెను. అడుగవలసిన పద్ధతి ప్రకారము ఆమె వ్రాతమూలకముగా అడిగెను. ఆ విన్నపము ఎవరును చూడని యొక వరుసలోనికి పోయి పడినది. ఒకదినము చూచెను, రెండుదినములు చూచెను. ప్రతి ఉదయమును జరుగు పదినిమిషముల మీటింగులో ఆమె వంతు వచ్చినప్పుడు, "డాక్యుమెంట్లు చదువుతున్నానండి" అని మాత్రము చెప్పుచుండెను. అనుమతి రాలేదని చెప్పుట ఇతరులపై ఫిర్యాదు చేసినట్లగునేమో యని ఆమె సంకోచము. పదియవ దినమున మేనేజరు, ఇంకను పని మొదలు కాలేదేమి యని అందరి యెదుట అడిగెను. ఆ రాత్రి ఆమె తల్లితో చెప్పి యేడ్చినది, మేనేజరుతో చెప్పలేదు. రెండవ నెలలో రాజీనామా పంపి, విజయవాడలో తక్కువ జీతమునకు ఒక కార్యాలయములో కుదిరినది. అచ్చట బల్ల యున్నది, ప్రక్కబల్లమీద ఒక అక్క యున్నది. మామూలు కార్యాలయమైనచో ఈ చిక్కు మొదటిదినము పదకొండు గంటలకే, "ఏమ్మా, ఊరికే కూర్చున్నావేం?" అను ఒక్క మాటతో తీరెడిది.

దోషము సంస్థదే యని మా యభిప్రాయము. క్రొత్తవారిని చేర్చుకొని, వారికి తాళపుచెవి యందినదో లేదో చూడని యజమానిని ఏ యుగములోను మెచ్చరు. కాని ఆ పిల్ల సంకోచమును గూర్చి కూడ రెండు మాటలు చెప్పక తప్పదు. మనము బిడ్డలను పెంచునప్పుడు, పెద్దలను పదేపదే అడుగగూడదని, చెప్పినది విని ఊరకుండవలెనని నేర్పుదుము. తరగతిలో ప్రశ్న అడిగినవానిని చూచి తోటివారు నవ్వుదురు. ఎదురుగా నున్నప్పుడు ఈ యణకువకు మర్యాద యున్నది. ముఖము చూచి ఎదుటివారు కష్టమును గ్రహింతురు. తెరవెనుక అణకువ కనబడదు. అచ్చట మౌనము సోమరితనమువలె కనబడును.

కనుక క్రొత్తగా చేరువారు ఒక నియమము పెట్టుకొనుట మేలు. చిక్కు వచ్చినప్పుడు అరగంట స్వయముగా ప్రయత్నింపవలెను. తెగనిచో అడుగవలెను. అడుగునప్పుడు ఒక్కరికే రహస్యముగా వ్రాయక, జట్టువారందరును చూచు చోట వ్రాయుట మంచిది. సిగ్గుగా నుండును, నిజమే. కాని అట్లు వ్రాసినచో ఆ సమయమున తీరికగా నున్నవారు బదులిత్తురు. మరునాడు చేరిన క్రొత్తవానికి కూడ ఆ జవాబు దొరకును. ఉదయపు మీటింగులో "నాకు ఫలానాది రాలేదు, అందుచేత పని ఆగినది" అని చెప్పుట ఫిర్యాదు కాదు. ఆ మీటింగు పెట్టినదే అందుకొరకు.

వ్రాయు తీరులో మనవారికి ప్రత్యేకముగా వచ్చు చిక్కు ఒకటి యున్నది. మనము ఎవరినైన పలుకరించునప్పుడు "బాగున్నారా అండీ" యని, ఇంటిల్లిపాదిని విచారించి, పిదప మెల్లగా విషయమునకు వత్తుము. ఈ యలవాటుచేత "నమస్కారం సార్" అని మాత్రము వ్రాసి, ఆవలివారు పలుకువరకు వేచియుండెడివారు చాలమంది. ఆవలివారు వేరొక పనిలో నుందురు. గంటకు చూచి "చెప్పండి" అందురు. అప్పటికి ఇతడు భోజనమునకు లేచియుండును. ఇట్లు ఒక చిన్న ప్రశ్నకు పూట గడచును. నమస్కారమును, ప్రశ్నను, ఇంతవరకు తాను ప్రయత్నించినదానిని ఒక్క జాబులోనే వ్రాసివేయుట మేలు. మరియొక చిక్కు పిలుపు. విదేశపు సంస్థలో తండ్రి వయసువానిని కూడ పేరు పెట్టి పిలువవలెను. మన నోటికి అది రాదు. మేమెరిగిన యొక యువకుడు ఆరువారములు ఎవరిని ఏమని పిలువవలెనో తేలక, పిలుపే లేకుండ జాబులు నడిపినాడు. పాపము, ఆ వ్యాకరణము ఎంత కష్టమో!

దీనికి మారుగా ఒక లాభమును చెప్పవలెను. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు ఇంగ్లీషు మాటలాడుటకు జంకుదురు. ఎదురుగా ప్రశ్న వేయగానే నాలుక పిడచకట్టుకొని పోవును. దూరపు కొలువులో పని చాలవరకు వ్రాతలోనే జరుగును. వ్రాతకు తొందర లేదు. వాక్యమును రెండుమారులు చదివి, నిఘంటువు చూచి దిద్దుకొని పంపవచ్చును. నోటి ధాటి లేక వెనుకబడిన యెందరో ఇచ్చట నిదానముగా ముందునకు వచ్చినారు.

మంచి సంస్థలు క్రొత్తవానిని ఈ కష్టమునకు వదలిపెట్టవు. గిట్‌లాబ్ సంస్థవారు తమ పనితీరు సమస్తమును, సెలవు అడుగు విధము మొదలుకొని మీటింగు నడుపు విధము వరకు, వేలకొలది పుటల గ్రంథముగా వ్రాసి లోకమంతయు చదువునట్లు ఉంచినారు. క్రొత్తవానికి చేయవలసిన పనుల పట్టికయు, తోడుగా ఒక పాత ఉద్యోగియు ఏర్పాటగును. ఆ తోడు మేనేజరు కాకుండుటలో వివేకమున్నది. మేనేజరును అడుగలేని చిన్న ప్రశ్నలే క్రొత్తవానికి పెద్దవి. ఆటోమాటిక్ వారు ఏ పదవిలో చేరినవారినైనను మొదట కొన్నాళ్ళు వాడుకరుల సందేహములకు జవాబు వ్రాయు పనిలో నుంతురు. సంస్థ దేనికొరకు నడచుచున్నదో ఇందువలన సూటిగా బోధపడును. ఇట్టి గ్రంథము, తోడు, మొదటి నెల పట్టిక ఉన్నవో లేవో చేరుటకు ముందే అడిగి తెలిసికొనుట అభ్యర్థి హక్కు. లేవని చెప్పిన సంస్థలో తొలి ఉద్యోగముగా చేరవద్దని మేము కచ్చితముగా చెప్పుదుము. నాలుగైదేండ్ల అనుభవము గలవారి మాట వేరు.

అడుగవలసినది మరియొకటి కూడ నున్నది, అది ఇంతకంటె ముందు: ఆ సంస్థ నిజముగా నున్నదా? కార్యాలయమే లేదనగానే మోసగాండ్రకు మార్గము సుగమమైనది. ఇంట కూర్చుండి వేలు సంపాదింపవచ్చునని కబురు పంపి, శిక్షణకనియు, లాప్‌టాప్‌నకు ధరావతు అనియు సొమ్ము గుంజి మాయమగువారు మితిమీరి యున్నారు. నిజమైన సంస్థ ఉద్యోగికి సొమ్ము ఇచ్చునేకాని పుచ్చుకొనదు. ముఖము చూపని ఇంటర్వ్యూను, చాటులో మాత్రమే సాగు బేరమును నమ్మరాదు. ఆధారు, పాన్, బ్యాంకు వివరములు నియామకపత్రము చేతికి వచ్చి, సంస్థ నిజానిజములు విచారించిన పిదపనే ఇయ్యవలెను. ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అను నంబరునకు టెలిఫోను చేయుడు. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును నిలిపివేయుటకు అంత అవకాశము.

ఇక ఇంటివారితో మాట. పిల్లవాడు ఇంటనే యున్నాడు గదా యని గ్యాసుబండ దించుకొనుటకు, మేనత్తను బస్సెక్కించుటకు, విద్యుత్తు బిల్లు కట్టుటకు వానినే పిలుచుట సహజము. తెరపై ఎనిమిదిమంది చూచుచుండగా వెనుకనుండి "ఒరే, కరివేపాకు తెచ్చావా?" అని కేక వినబడిన దృశ్యములు మేము విన్నవే కాదు, కన్నవి. నవ్వుకొనవచ్చును. కాని మొదటి నెలలలో క్రొత్తవానిని గూర్చి ఆవలివారికి తెలిసినది ఆ తెరపై కనబడునంతే. నేతగాని యింట మగ్గము ఆడుచుండగా ఎవరును అతనిని బజారుకు పంపరు, చప్పుడే కాపలా. ఈ పనికి చప్పుడు లేదు కనుక, తలుపు మూసియున్నచో పని జరుగుచున్నదని ఇంటివారు ఒక గురుతు పెట్టుకొనవలెను. గది లేని యిండ్లలో గోడవైపు తిరిగిన ఒక బల్లయైనను చాలును. కరెంటు పోవు ఊళ్ళలో మొదటి జీతమునుండి ఇన్వర్టరు కొనుటయు, వైఫై ఆగినచో పనికివచ్చునట్లు ఫోనులో డేటా ఉంచుకొనుటయు వృథావ్యయము కాదు.

కోడళ్ళ సంగతి ఇంకను కష్టము. పెండ్లికి ముందు, "ఇంటినుంచే ఉద్యోగం కదా, మాకేం అభ్యంతరం లేదు" అందురు. ఆ మాటకు అర్థము తరువాత తెలియును. ఉదయము టిఫిన్లు, మధ్యాహ్నము వంట, నడుమ మీటింగులు, సాయంకాలము పిల్లల చదువు. బయటికి పోవు కోడలికి టిఫిను డబ్బా కట్టి యిచ్చు అత్తగారే, ఇంటనుండి పనిచేయు కోడలు కాఫీ కలుపలేదని నొచ్చుకొనుట చూచినాము. క్రొత్త యుద్యోగమున చేరిన కోడలికి తొలి మూడు నెలలు వంటయింటి భారము కొంత తగ్గింపుడని అత్తమామలను, అంతకంటె ముఖ్యముగా భర్తలను, కోరుచున్నాము.

అమెరికా సంస్థలో పనియైనచో కాలము కూడ తలక్రిందులగును. న్యూయార్కు గడియారము మనకంటె వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలమున పదిన్నర గంటలు వెనుక. అక్కడివారు మార్చిలో రెండవ ఆదివారమున గడియారము ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారమున వెనుకకు జరుపుదురు. మన గడియారము కదలదు గనుక, సాయంత్రము ఏడున్నరకు అలవాటైన మీటింగు ఒక సోమవారమున ఎనిమిదిన్నరకు మారును. క్రొత్తవారు దీనిని క్యాలెండరుపై ముందే గుర్తు పెట్టుకొనవలెను. రాత్రి రెండింటివరకు మేలుకొన్నవానిని ఉదయమున ఆరింటికి లేపి "బారెడు పొద్దెక్కిందిరా" అనుట న్యాయము కాదు. చేరుటకు ముందే, రోజులో ఏ మూడు నాలుగు గంటలు తప్పక అందరితోను కలిసి యుండవలెనో, మిగిలిన పని ఎప్పుడు చేసినను సరిపోవునో, వ్రాతలో అడిగి తీసికొనుట మేలు.

ఇన్ని కష్టములున్న కొలువును ఏల కోరవలెనని అడుగవచ్చును. అనంతపురము జిల్లాలో మేమెరిగిన యొక వ్యక్తి కలడు. చిన్ననాడు పోలియో సోకి రెండు కాళ్ళును చచ్చుబడినవి. బీకాం మంచి మార్కులతో పూర్తిచేసి, ఐదేండ్లు ఉద్యోగమునకై తిరిగెను. తిరిగెను అను మాట ఇచ్చట ఎంత కఠినమైనదో! ఒకచోట లిఫ్టు లేదు. ఒకచోట బస్సు దిగినచోటినుండి మైలు దూరము. ఒకచోట, "మీకెందుకండీ శ్రమ" యని సానుభూతి. 2022లో కార్యాలయము లేని యొక సంస్థలో వాడుకరుల జాబులకు సమాధానము వ్రాయు పనిలో చేరెను. అక్కడ మూడు నెలలవరకు ఆయన చక్రాలకుర్చీలో నున్నారని ఎవరికిని తెలియదు. ఆయన జాబులు చక్కగా నుండునని మాత్రము తెలియును. నేడు క్రొత్తగా చేరినవారికి తోడుగా నుండు పని ఆయనకు అప్పగించినారు. తన క్రింద చేరిన ప్రతివారికిని ఆయన మొదటిదినమున పనిని గూర్చి కాక, కిటికీలోనుండి ఏమి కనబడుచున్నదో అడుగుదురట. ఒకరికి వేపచెట్టు, ఒకరికి ఎదురింటి గోడ, ఒకరికి సముద్రము. అప్పటినుండి చుక్క వెనుక మనిషి యున్నట్లు తోచునని ఆయన మాతో చెప్పినారు.

ఐనను తొలి మాసములో ఒక్కమారైనను క్రొత్తవారిని, వారి జట్టువారిని ఒకచోట రెండుమూడు దినములు కలుపుట సంస్థల విధి యని మా నమ్మకము. భవనమునకు అద్దె మిగిల్చుకొనుచున్నవారు రైలుటికెట్టు కొనియిచ్చుటకు వెనుదీయరాదు. మనిషిని ఒక్కమారు చూచినచో, పిదప అతడు వ్రాసిన కరకు మాట కూడ కరకుగా తోచదు.

అంతవరకు క్రొత్తవారు తమంతట చేసికొనదగినవి కొన్ని యున్నవి. వారమున కొకమారు జట్టులోని ఒక్కొక్కరితో పావుగంట మాటలాడ కోరుట. ఆనాడు చేసిన పనిని సాయంకాలము నాలుగు వాక్యములలో వ్రాసి మేనేజరునకు పంపుట. ముప్పదవ దినమున, ఎవరో చెప్పువరకు ఆగక, "నా పనిలో ఏది మార్చుకోమంటారు?" అని తామే అడుగుట. పని ముగిసిన వెంటనే లాప్‌టాప్‌ను మూసి బీరువాలో పెట్టి, చెప్పులు వేసికొని, బస్టాండు వరకైనను నడచి, అక్కడ ఎవరితోనైన నాలుగు మాటలాడి, ఇంటికి వచ్చుట.